అమెరికా ఓటరు పార్టీకి ఒకలా, చట్టానికి ఒకలా ఎందుకు ఓటేస్తాడు?

క్లుప్తంగా: అమెరికాలో ఎక్కువమంది ఓటు అభ్యర్థి ఎవరో తేలకముందే దాదాపు ఖాయమైపోయి ఉంటుంది. పుట్టిన ఇల్లు, ఉండే ఊరు, చదువు, వెళ్లే చర్చి కలిసి పార్టీని నిర్ణయిస్తాయి. మిగిలిన కొద్దిమంది ధరలు చూసి అటూ ఇటూ మారతారు. రాష్ట్రాలవారీగా వచ్చే ఎలక్టర్ ఓట్లతో అధ్యక్షుడిని తేల్చే ఎలక్టోరల్ కాలేజీ పద్ధతి వల్ల ఆ మార్పు కొన్నిచోట్ల దేశాన్నే తిప్పేస్తుంది, కొన్నిచోట్ల అసలు లెక్కలోకే రాదు. పార్టీ పేరు లేకుండా ప్రశ్న అడిగితే మాత్రం అదే ఓటరు వేరే జవాబు ఇస్తాడు.

ఒకే కాగితం మీద రెండు జవాబులు

2024 నవంబరు 5న మిస్సోరీ రాష్ట్రంలో ఓటర్ల ముందుకు పొడవాటి బ్యాలెట్ వచ్చింది. పైన అధ్యక్షుడు, ఆ కింద సెనేటర్, గవర్నర్, రాష్ట్ర అటార్నీ జనరల్, ట్రెజరర్, కాంగ్రెస్ సభ్యుడు, రాష్ట్ర చట్టసభ సభ్యుడు, స్థానిక పదవులు, తర్వాత ఫలానా జడ్జీలను కొనసాగించాలా వద్దా అనే ప్రశ్న, అవన్నీ అయ్యాక రాజ్యాంగ సవరణలు, కొత్త చట్టాలు. మన దగ్గర ఒక బటన్ నొక్కి బయటికి వచ్చేస్తాం కాబట్టి ఇది ఊహించుకోవడం కొంచెం కష్టం. అక్కడ ఓటు వేయడమంటే పరీక్ష పేపర్ నింపినట్టే ఉంటుంది.

ఫలితాలు చూస్తే తికమక ఇంకా ఎక్కువవుతుంది. మిస్సోరీలో డొనాల్డ్ ట్రంప్‌కి 58.5 శాతం ఓట్లు వచ్చాయి, రిపబ్లికన్ సెనేటర్ జాష్ హాలీ సులువుగా మళ్లీ గెలిచారు, గవర్నర్ పదవి కూడా రిపబ్లికన్లకే దక్కింది. అదే కాగితం చివర్లో అబార్షన్ హక్కును రాష్ట్ర రాజ్యాంగంలో చేర్చే సవరణ 51.6 శాతంతో నెగ్గింది. కనీస వేతనాన్ని గంటకు 15 డాలర్లకు పెంచి, జీతంతో కూడిన సిక్ లీవ్ ఇవ్వాలనే చట్టానికి 57.6 శాతం మంది ఒప్పుకున్నారు. ఈ రెండూ రాష్ట్ర రిపబ్లికన్ నాయకులు వ్యతిరేకించినవే. ట్రంప్ ఓట్లనీ, కనీస వేతనానికి పడిన ఓట్లనీ కలిపితే పోలైన మొత్తం ఓట్లను దాటిపోతుంది. అంటే కనీసం కొన్ని లక్షలమంది ఒకే చేత్తో, ఒకే నిమిషంలో రెండింటికీ ఓటేశారు.

వీళ్లకి ఏం కావాలో వీళ్లకే తెలియదని చాలామంది తేలిగ్గా అనేస్తారు. అది తప్పు అంచనా. ఆ ఓటరు రెండు వేర్వేరు ప్రశ్నలకు రెండు వేర్వేరు జవాబులు ఇచ్చాడు. "గంటకు 15 డాలర్లు సరైన జీతమేనా?" అన్నది ఒక ప్రశ్న. "నువ్వు ఎవరి మనిషివి?" అన్నది ఇంకొకటి. అభ్యర్థి పేరు పక్కన పార్టీ పేరు కనపడగానే ఓటరు మనసులో వినిపించేది ఈ రెండోదే.

పార్టీ కూడా ఇంటిపేరులాంటిదే

1950ల్లోనే మిషిగన్ యూనివర్సిటీ పరిశోధకులు వేలమంది ఓటర్లతో మాట్లాడి, పెద్దగా మారని ఒక సంగతి కనిపెట్టారు. చాలామంది పాలసీలు చదివి పార్టీని ఎంచుకోరు. చిన్నప్పుడు ఇంట్లో వంటబట్టిన పార్టీనే పెద్దయ్యాక కూడా తమదనుకుంటారు, ఆ పార్టీ ఏం చెబితే తమ అభిప్రాయాన్ని కూడా మెల్లగా దానికి సర్దుకుంటారు. తాత ఏ పార్టీయో నాన్నా అదే, నాన్న ఏ పార్టీయో కొడుకూ అదే అనే ఇళ్లు మనకి కొత్త కాదు కదా, అక్కడా అంతే.

గాలప్ అనే సంస్థ సర్వేల్లో నూటికి 40 మందికి పైగా అమెరికన్లు తాము ఏ పార్టీకీ చెందమని, ఇండిపెండెంట్లమని చెబుతారు. ఈ సంఖ్య చూసి అంతమంది ఓటు తేలకుండా ఉందనుకుంటే పొరపాటే. వాళ్లనే ఇంకో ప్రశ్న, "సరే, ఏ వైపు మొగ్గు?" అని అడిగితే ఎక్కువమంది ఒక వైపు చెబుతారు, ఎన్నికల రోజున ఆ వైపే ఓటేస్తారు. నిజంగా ఎటూ మొగ్గనివాళ్లు నూటికి పది మంది అటూ ఇటూ, వాళ్లలోనూ చాలామంది అసలు ఓటుకే వెళ్లరు.

పాత రోజులకీ ఇప్పటికీ ఒక తేడా ఉంది, అది చిన్నది కాదు. 1960లో ఒక సర్వేలో, "మీ అమ్మాయో అబ్బాయో అవతలి పార్టీ ఇంటి సంబంధం చేసుకుంటే బాధపడతారా?" అని అడిగితే బాధపడతామన్నవాళ్లు నూటికి ఐదుగురు. 2010లో ఇలాంటి ప్రశ్నే అడిగితే రిపబ్లికన్లలో దాదాపు సగం మంది, డెమొక్రాట్లలో మూడో వంతు మంది తమకి నచ్చదన్నారు. అమెరికాలో ఇప్పుడు పార్టీ అంటే మన పెళ్లిసంబంధాల్లో కులంలాంటి గీత అయిపోయింది. సొంత పార్టీ మీద ప్రేమ పెద్దగా పెరగలేదు, అవతలి పార్టీ మీద భయం, అసహ్యం పెరిగాయి. అందుకే తమ అభ్యర్థి మీద ఎన్ని ఆరోపణలు వచ్చినా, కేసులు పడినా, ఓట్లు అనుకున్నంత తగ్గవు. ఇతను పోతే వచ్చేది "వాళ్లే" అన్న టెన్షన్ దానికన్నా పెద్దది.

మరి గీతలు ఎప్పుడు మారాయి?

మిస్సోరీ ఒకప్పుడు ఇలా లేదు. 1904 నుంచి 2004 దాకా వందేళ్లలో ఒక్క 1956లో తప్ప, ఆ రాష్ట్రం ఎవరికి ఓటేస్తే వాళ్లే అధ్యక్షుడయ్యారు. డెమొక్రాట్ హ్యారీ ట్రూమన్ సొంత రాష్ట్రం అది. 2008లో కూడా బరాక్ ఒబామా అక్కడ ఓడింది నాలుగు వేల ఓట్ల లోపు తేడాతోనే. ఆ తర్వాత పదహారేళ్లలో డెమొక్రాట్లు అక్కడ 18 పాయింట్ల వెనక్కి పోయారు.

కారణం ఒకటి కాదు, ఒకదాని మీద ఒకటి పేరుకున్నవి. మొదటిది జాతి. 1964లో డెమొక్రాట్ అధ్యక్షుడు లిండన్ జాన్సన్ జాతి వివక్షను నిషేధించే పౌరహక్కుల చట్టం మీద సంతకం పెట్టాక, దశాబ్దాలుగా డెమొక్రాట్ల కంచుకోటగా ఉన్న దక్షిణాది రాష్ట్రాల తెల్లజాతి ఓటర్లు మెల్లగా అవతలికి జరిగారు. ఆ ఏడాది జాన్సన్ దాదాపు దేశమంతా ఊడ్చేసినా దక్షిణాదిలో మిసిసిపీ, అలబామా, జార్జియా, లూయిజియానా, సౌత్ కరోలినా మాత్రం రిపబ్లికన్ బారీ గోల్డ్‌వాటర్ వైపు నిలబడ్డాయి. నల్లజాతి ఓటర్లు మరింత గట్టిగా డెమొక్రాట్ల వైపు వచ్చి ఇప్పటికీ చాలావరకు అక్కడే ఉన్నారు. తర్వాత మతం వచ్చి చేరింది. తెల్లజాతి ఇవాంజెలికల్ (బైబిల్ మాటే ప్రమాణమనే ప్రొటెస్టెంట్) క్రైస్తవుల్లో నూటికి 80 మంది దాకా ఇప్పుడు రిపబ్లికన్లకే వేస్తున్నారు.

ఈమధ్య అన్నిటికన్నా బలంగా కనిపిస్తున్నది చదువు. ఒకప్పుడు కాలేజీ డిగ్రీ ఉన్నవాళ్లు రిపబ్లికన్లు, ఫ్యాక్టరీ కార్మికులు డెమొక్రాట్లు. ఇప్పుడది తిరగబడింది. 2024 ఎగ్జిట్ పోల్స్‌లో డిగ్రీ ఉన్నవాళ్లలో 55 శాతం అటూ ఇటూ కమలా హారిస్‌కి, డిగ్రీ లేనివాళ్లలో దాదాపు అంతే శాతం ట్రంప్‌కి వేశారు.

దీన్ని దగ్గర నుంచి చూడాలంటే డెట్రాయిట్ పక్కనున్న మకోంబ్ కౌంటీకి (కౌంటీ అంటే మన జిల్లాలాంటిది) వెళ్లాలి. కార్ల ఫ్యాక్టరీల్లో పనిచేసే యూనియన్ కుటుంబాలు నగరం నుంచి వచ్చి ఇళ్లు కట్టుకున్న చోటు అది. 1960లో డెమొక్రాట్ జాన్ కెనడీకి దేశంలోని నగర శివారు కౌంటీల్లో అత్యధికంగా ఓటేసిన వాటిలో ఒకటి. 1984కల్లా ఆ ఇళ్లే మూడింట రెండు వంతుల ఓట్లు రిపబ్లికన్ రొనాల్డ్ రీగన్‌కి ఇచ్చాయి. "రీగన్ డెమొక్రాట్లు" అనే మాట ప్రచారంలోకి రావడానికి ఇలాంటి ఊళ్లే కారణం. తర్వాత అదే కౌంటీ ఒబామాకి రెండుసార్లు, ట్రంప్‌కి మూడుసార్లు వేసింది. 2016లో మిషిగన్ రాష్ట్రం మొత్తంలో ట్రంప్ గెలిచిన తేడా 10,704 ఓట్లు, ఒక్క మకోంబ్‌లోనే ఆయనకి వచ్చిన ఆధిక్యం 48 వేలు. ఆ ఊరివాళ్లని నల్లజాతి అధ్యక్షుడికి వేశారు కాబట్టి ఉదారవాదులనో, ట్రంప్‌కి వేశారు కాబట్టి జాత్యహంకారులనో ముద్ర వేసేస్తే ఏమీ అర్థం కాదు. ఫ్యాక్టరీ మూతపడిన ఊళ్లో "మనకోసం ఎవరు మాట్లాడుతున్నారు?" అన్న ప్రశ్నకి ఒక్కోసారి ఒక్కో జవాబు వచ్చింది, అంతే.

టెక్సాస్‌లో మెక్సికో సరిహద్దు మీదున్న స్టార్ కౌంటీ ఇంకో ఉదాహరణ. జనాభా దాదాపు అంతా హిస్పానిక్. 2012లో ఒబామాకి 86 శాతం ఇచ్చింది. 2024లో ట్రంప్ గెలిచారు. అక్కడ రిపబ్లికన్ గెలవడం 1892 తర్వాత అదే మొదటిసారి. అంటే, జాతిని బట్టి ఓటు చెప్పేయవచ్చన్న లెక్క కూడా ఇప్పుడు సడలుతోంది, జాతి పోయిన చోటికి చదువు, జీతం వస్తున్నాయి.

సరుకుల ధర ఎందుకంత పెద్ద విషయమైంది?

గీతలు ఇంత గట్టిగా ఉంటే ఫలితాలు ఎందుకు మారుతున్నాయి? చివర్లో మారే ఆ కొద్దిమంది వల్ల. వాళ్లని కదిలించేది ఎక్కువగా ఇంటి ఖర్చే.

2022 జూన్‌లో అమెరికాలో ద్రవ్యోల్బణం 9.1 శాతానికి చేరింది, నలభై ఏళ్లలో అంత ఎప్పుడూ లేదు. 2024 ఎన్నికల నాటికి అది మూడు శాతం లోపుకి దిగింది, నిరుద్యోగం నాలుగు శాతం చుట్టూ ఉంది. లెక్కల ప్రకారం బాగానే ఉన్నట్టు. కానీ ద్రవ్యోల్బణం తగ్గడమంటే ధరలు తగ్గడం కాదు, పెరిగే వేగం తగ్గడం. జో బైడెన్ వచ్చిన రోజుతో పోలిస్తే మొత్తం ధరలు 20 శాతం పైనే ఎక్కి కూర్చున్నాయి. సరుకుల బిల్లు కట్టే మనిషికి కనిపించేది ఆ 20 శాతమే, టీవీలో చెప్పే మూడు శాతం కాదు.

ఇందులో మనిషి స్వభావం కూడా కలిసి పనిచేస్తుంది. జీతం పెరిగితే "నా కష్టం" అనుకుంటాం, ధర పెరిగితే "ప్రభుత్వం తప్పు" అనుకుంటాం. నిరుద్యోగం కొందరినే తాకుతుంది, ధర మాత్రం ఓటున్న ప్రతి ఒక్కరినీ వారానికోసారి దుకాణంలో పలకరిస్తుంది. 2024లో ఇది అమెరికా ఒక్కదానికే పరిమితం కాలేదు. బ్రిటన్‌లో కన్జర్వేటివ్‌లు చిత్తుగా ఓడారు, జపాన్‌లో అధికార పార్టీ మెజారిటీ కోల్పోయింది, భారత్‌లో బీజేపీ 240 దగ్గర ఆగింది. ఒక్కో దేశంలో వేరే కారణాలూ ఉన్నాయి, ధరల మంట మాత్రం చాలాచోట్ల కలిసిన పాయింట్.

అయితే ఆర్థిక పరిస్థితిని కూడా పార్టీ కళ్లద్దాలతోనే చూసేవాళ్లు చాలామంది. తమ పార్టీ గెలవగానే, షాపులో ఏ ధరా మారకముందే, దేశం బాగుపడుతోందని సర్వేల్లో చెబుతారు. ఓడినవాళ్లు అదే వారంలో దిగులుపడతారు. 2024 నవంబరు తర్వాత వినియోగదారుల సర్వేల్లో సరిగ్గా ఇదే కనిపించింది. కాబట్టి ధరలు చూసి నిజంగా మారేది పార్టీ మీద పట్టు తక్కువున్నవాళ్లు, రాజకీయ వార్తలు పెద్దగా చూడనివాళ్లు. వాళ్ల కోపం ఒక పార్టీకి కట్టుబడి ఉండదు కూడా. ఏడాది తిరిగేసరికి, 2025 నవంబరులో, ఖర్చులు భరించలేకపోతున్నామన్న మాట మీదే న్యూజెర్సీ, వర్జీనియా గవర్నర్ ఎన్నికల్లో డెమొక్రాట్లు గెలిచారు.

ఓటేయనివాళ్ల పార్టీయే పెద్దది

2024లో ట్రంప్‌కి సుమారు 7.7 కోట్లు, హారిస్‌కి 7.5 కోట్ల ఓట్లు. హక్కు ఉండీ ఓటేయనివాళ్లు సుమారు 9 కోట్లు. ఇది బద్ధకం లెక్క అనుకుంటే అన్యాయమే. మన దగ్గర ఎన్నికల సంఘం మనుషులు ఇంటింటికీ తిరిగి జాబితా రాసుకుంటారు, పోలింగ్ రోజు సెలవు ఉంటుంది. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఓటరే వెళ్లి నమోదు చేసుకోవాలి, ఇల్లు మారితే మళ్లీ చేసుకోవాలి. పోలింగ్ ఎప్పుడూ మంగళవారమే, 1845 నాటి చట్టం అది. ఆదివారం చర్చి, గుర్రబ్బండి మీద రైతు కౌంటీ కేంద్రానికి చేరడానికి ఒక రోజు, బుధవారం సంత, అందుకని మధ్యలో మంగళవారం. సంతలు పోయాయి, రోజు మాత్రం అలాగే ఉంది. దేశవ్యాప్త సెలవు లేదు.

దేశమంతటికీ ఒకే ఎన్నికల సంఘం నడిపే పద్ధతి కూడా లేదు. ఎన్నికలు నడిపేది వేల కౌంటీలు, పట్టణాలు, రూల్స్ రాసేది రాష్ట్రాలు. ఆరెగాన్‌లో బ్యాలెట్ పోస్టులో ఇంటికే వస్తుంది. టెక్సాస్‌లో పోలింగ్ కేంద్రంలో తుపాకీ లైసెన్స్ చూపిస్తే ఒప్పుకుంటారు, కాలేజీ ఐడీ కార్డు చూపిస్తే ఒప్పుకోరు. నార్త్ డకోటాలో అసలు రిజిస్ట్రేషనే లేదు. ఇలాంటి చోట అడ్డంకులు దాటేది ఎవరు? సొంతిల్లు ఉండి, ఒకే చోట ఏళ్లుగా ఉంటున్న పెద్దవాళ్లు. 65 దాటినవాళ్లలో నూటికి 70 మందికి పైగా ఓటేస్తే, 18 నుంచి 24 ఏళ్లవాళ్లలో సగం మంది అటూ ఇటూ. పింఛన్ల మీద చేయి వేయడానికి నాయకులు ఎందుకంత భయపడతారో, కాలేజీ అప్పుల గురించి ఎందుకంత తీరిగ్గా ఆలోచిస్తారో ఈ ఒక్క తేడా చాలావరకు చెప్పేస్తుంది.

ఏడు రాష్ట్రాల ఎన్నిక

ఎలక్టోరల్ కాలేజీ గురించి తెలుగులో చాలానే వచ్చింది కాబట్టి ఇక్కడ ఓటరు ప్రవర్తన మీద దాని ప్రభావం వరకే చూద్దాం. 538 ఎలక్టర్ ఓట్లలో 270 వచ్చినవాళ్లు గెలుస్తారు. మెయిన్, నెబ్రాస్కా తప్ప మిగతా రాష్ట్రాల్లో ఒక్క ఓటు ఎక్కువొచ్చినా ఆ రాష్ట్రం మొత్తం ఆ అభ్యర్థిదే. కాలిఫోర్నియాలో రిపబ్లికన్‌కి, అలబామాలో డెమొక్రాట్‌కి తన ఓటు అధ్యక్షుడిని మార్చదని ముందే తెలుసు. 2016లో హిల్లరీ క్లింటన్‌కి దేశం మొత్తం మీద 28 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువొచ్చినా ఓడిపోయారు, మూడు రాష్ట్రాల్లో కలిపి 78 వేల ఓట్ల తేడాతో. 2020లో ఇంకా విచిత్రం: బైడెన్‌కి 70 లక్షల ఆధిక్యం, అయినా అరిజోనా, జార్జియా, విస్కాన్సిన్‌లలో కలిపి తేడా 43 వేల ఓట్లే, ఆ మూడూ అటు పోయి ఉంటే ఎలక్టర్ల లెక్క 269-269 అయ్యేది. అందుకే ప్రచారం డబ్బు, విమానాలు, హామీలు అన్నీ పెన్సిల్వేనియాలాంటి ఏడు రాష్ట్రాల చుట్టూనే తిరుగుతాయి.

మూడో పార్టీకి వేయడానికి జనం జంకేది కూడా ఈ పద్ధతి వల్లే. 1992లో స్వతంత్ర అభ్యర్థి రాస్ పెరోకి దేశవ్యాప్తంగా 19 శాతం దగ్గర ఓట్లు పడ్డాయి, ఒక్క ఎలక్టర్ కూడా రాలేదు. 2000లో ఫ్లోరిడా 537 ఓట్లతో జార్జ్ బుష్‌కి దక్కినప్పుడు, అక్కడ గ్రీన్ పార్టీ రాల్ఫ్ నేడర్‌కి పడినవి 97 వేలు. వాటిలో కొన్ని తమకి పడినా గెలిచేవాళ్లమన్న సంగతి డెమొక్రాట్ ఓటర్లు ఇప్పటికీ మర్చిపోలేదు.

తెలుగువాళ్ల ఓటు ఎక్కడుంది?

టెక్సాస్‌లో ఫ్రిస్కో, న్యూజెర్సీలో ఎడిసన్, జార్జియాలో ఫోర్సైత్ కౌంటీ, ఇలాంటి చోట్ల తెలుగు జనాభా చూసి వాళ్ల ఓటు బలం కూడా అంతే ఉంటుందనుకుంటాం. ఓటు పౌరులకే. హెచ్1బీ వీసా మీదున్నవాళ్లకి లేదు, గ్రీన్ కార్డు ఉన్నా లేదు. భారతీయులకి గ్రీన్ కార్డు క్యూలోనే ఏళ్లూ పూళ్లూ గడిచిపోతాయి, అది వచ్చాక మామూలుగా ఇంకో ఐదేళ్లకి గానీ పౌరసత్వం అడగలేరు. చాలా ఇళ్లలో అమ్మానాన్నల కంటే ముందు అక్కడే పుట్టిన పిల్లలకి, 18 నిండగానే, ఓటు వస్తుంది. భారతీయ మూలాలున్న ఓటర్లలో ఎక్కువమంది ఇప్పటికీ డెమొక్రాట్ల వైపే ఉన్నా, 2024లో ట్రంప్ వైపు జరిగినవాళ్లూ కనిపించారు, ముఖ్యంగా కుర్రాళ్లలో. నాయకత్వంలోనూ రెండు వైపులా మన మూలాలున్నాయి: ఉపాధ్యక్షుడి భార్య ఉషా వాన్స్ పూర్వీకులది పశ్చిమగోదావరి జిల్లా వడ్లూరు, మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నర్ (అక్కడ గవర్నర్ తర్వాతి పదవి) అరుణా మిల్లర్, 2025లో వర్జీనియాలో అదే పదవికి గెలిచిన గజాలా హష్మీ పుట్టింది హైదరాబాద్‌లో.

గెలిచిన చట్టం తర్వాత ఏమైంది?

మళ్లీ మిస్సోరీకి వస్తే, జనం ఒప్పుకున్న చట్టాన్ని అదే జనం ఎన్నుకున్న నాయకులు ఎలా చూశారన్నది మిగిలింది. 2020లో పేదలకిచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికెయిడ్‌ని మరింతమందికి విస్తరించాలని ఓటర్లు 53 శాతంతో చెప్పారు, చట్టసభ డబ్బు ఇవ్వనంది, చివరికి రాష్ట్ర సుప్రీంకోర్టు చెబితే గానీ అమలు కాలేదు. 2024లో నెగ్గిన సిక్ లీవ్ నిబంధనను చట్టసభ 2025లో రద్దు చేసింది, ఆగస్టు 28తో అది పోయింది. అబార్షన్ హక్కు సవరణను వెనక్కి తీసుకోమంటూ కొత్త సవరణను 2026 నవంబరు బ్యాలెట్ మీద పెట్టింది.

ఓటర్ల మాట కాదంటే ఓడిపోతామన్న భయం ఆ నాయకులకి ఎందుకు లేదు? చాలా నియోజకవర్గాల్లో నవంబరు ఎన్నిక లాంఛనమే, అసలు పోటీ ఆగస్టులో జరిగే పార్టీ ప్రైమరీలో, అంటే పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో. అక్కడ ఓటుకి వచ్చేది కొద్దిమంది, వాళ్లలో పార్టీ సిద్ధాంతాన్ని గట్టిగా పట్టుకున్నవాళ్లే ఎక్కువ. వాళ్లకి నచ్చకపోతే పదవి పోతుంది. మిగతావాళ్లకి నచ్చకపోతే ఏమీ కాదు, ఎందుకంటే నవంబరులో వాళ్లు ఎలాగూ అవతలి పార్టీకి వేయరు. నియోజకవర్గాల గీతలు కూడా చాలా రాష్ట్రాల్లో గెలిచినవాళ్లే గీసుకుంటారు. 2025లో టెక్సాస్ జనాభా లెక్కల కోసం ఆగకుండా మధ్యలోనే మ్యాపు మార్చుకుంది, దానికి పోటీగా కాలిఫోర్నియా ఓటర్లు తమ మ్యాపు మార్చడానికి ఒప్పుకున్నారు, మిస్సోరీ కూడా కాన్సస్ సిటీ డెమొక్రాట్ సీటును చీలుస్తూ కొత్త మ్యాపు ఆమోదించింది.

సిక్ లీవ్‌కి ఓటేసి, దాన్ని రద్దు చేసిన సభ్యుడిని కూడా అదే కాగితం మీద గెలిపించిన ఓటరు ఇప్పుడు ఆ లీవ్ లేకుండానే పనికి వెళుతున్నాడు. 2026 నవంబరు బ్యాలెట్ మీద ఆ సభ్యుడి పేరు పక్కన ఉండేది పార్టీ పేరు ఒక్కటే, సిక్ లీవ్ మీద అతను ఎలా ఓటేశాడో అక్కడ రాసి ఉండదు.